చొక్కాకి అంటిన బొగ్గు

తొంభైల్లో మా ఆయన ఓడరేవులో బొగ్గు దించే పనికి వెళ్ళేవాడు. రేవు పక్కనే వన్ టౌన్‌లో మా కాపురం. గాలికి బొగ్గు పొడి ఇంట్లోకొచ్చి, మూడేళ్ళ మా పాపకి ఆయాసం పట్టుకుంది. దాని ఎగశ్వాస వింటూ ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని. కిటికీలు మూసేదాన్ని, ఉక్కకి తాళలేక మళ్ళీ తెరిచేదాన్ని.

డాక్టరు ఇల్లు మారమంటే రేవుకి దూరంగా కంచరపాలెం వెళ్ళాం. అక్కడా తగ్గలేదు. ఒక సాయంత్రం ఆయన రాగానే పాప ఆయన చొక్కాలో మొహం దాచుకుని, కాసేపటికే దగ్గడం మొదలెట్టింది. ఆయన చొక్కా దులిపి చూసుకున్నాడు.

"పొడి నానే మోసుకొత్తన్నానేటే?" అన్నాడు.

మర్నాటి నుంచి పెరట్లో స్నానం చేశాకే పాపని ఎత్తుకునేవాడు. దాని ఆయాసం నెమ్మదించింది. ఈలోగా దగ్గు ఆయనకి పట్టుకుంది. ఆ పని మానమని రోజూ పోరాను. చివరికి ఆటోనగర్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. దగ్గు మాత్రం పూర్తిగా పోలేదు. అది వినబడితే నాకిప్పటికీ కాలు నిలవదు.