అడ్డసరం కషాయం, బ్యూగుల్

నాకు ఉబ్బసం. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటం లేదు గానీ, పన్నెండేళ్లప్పుడు ఆ మాటంటేనే ఒళ్లు మండేది. తొంభైల్లో భిలాయిలో మా ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టరు వెనక పొద్దున ఆరేసిన తెల్లబట్టల మీద సాయంత్రానికి ఎర్రదుమ్ము పేరుకునేది. నా గొంతులోకీ అదే పోయేది. వానాకాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు.

ఆ ఏడు బడి బ్యాండులో బ్యూగుల్ ఊదుతానని మొండికేశాను. బ్యాండు మాస్టారు నా ఆయాసం రెండు నిమిషాలు విని, "నీకు తాళాలు చాలు బేటీ" అన్నారు. ఏడుపు మొహం పెట్టేసరికి, పంద్రాగస్టుకి ఇంకా ఆరు వారాలున్నాయి, ఈలోగా తగ్గితే చూద్దామన్నారు.

ఇంట్లో అమ్మ నమ్మే ఆకుమందు లేదు. నిజానికి ఉండాల్సింది. వేసవిలో అమ్మ విజయనగరం నుంచి అడ్డసరం మొక్కని తడిగుడ్డలో చుట్టి, మా పక్క స్టేషను దుర్గ్ దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నన్ను మాత్రం ట్రంకుపెట్టె మీద కూర్చోబెట్టింది. ఆ మహారాణి ఇక్కడి ఎండకి వారంలో మాడిపోయింది. అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

సంగతి విని, మాకు పాలు పోసే, పక్కనే ఉన్న కోహ్కా ఊరి ఆవిడ పడీపడీ నవ్వింది. "అరే దీదీ, అడూసా కోసం అంత దూరం పోయావా? మేకలు ముట్టవని మేం దాన్ని కంచెకి వేస్తాం!" అని తన హిందీలో అని, మర్నాడు ఇంత మోపు తెచ్చి గుమ్మంలో పడేసింది.

అదే ఆకు, అదే వాసన. అమ్మ మాత్రం నమ్మలేదు.

"మనూరి మట్టేటి, ఈ ఊరి మట్టేటి! ముందు కషాయం నాను తాగుతాను. మూడ్రోజులు చూసి అప్పుడు నీకిస్తాను."

"నీకు దగ్గే లేదు కదే అమ్మా, తగ్గిందని ఎలా తెలుస్తాది?"

"నోర్ముయ్యి. ముందు నాను బతకాలి కదేటి!"

బతికింది. నాలుగో రోజు నుంచి నా వంతు. మిరియాలు, శొంఠి, బెల్లం ఎన్ని వేసినా ఆ చేదు దాగేది కాదు. డాక్టరుగారు నోట్లో కొట్టుకునే పంపు మాత్రం మానొద్దన్నారు, మానలేదు. ఏది ఎంత పనిచేసిందో నాకు తెలియదు. మూడోవారానికి కూతలు తగ్గాయి, ఐదోవారం బడి మెట్లు ఆగకుండా ఎక్కేశాను. వచ్చినవాళ్లందరికీ అది మనూరి ఆకేనని అమ్మ సిగ్గులేకుండా చెప్పేది. నేను పాలావిడ మొహం చూడలేక లోపలికి పారిపోయేదాన్ని.

మాస్టారు బ్యూగుల్ చేతికిచ్చారు. మొదటిసారి గేదె అరిచినట్టు వచ్చింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం గంతులెయ్యాలనిపించింది.

పంద్రాగస్టు నాడు జెండా పైకి వెళ్తుంటే ఊదాను. జెండా కొసకి చేరింది, తాళాలు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి. ఇక ఆపమని మాస్టారు చెయ్యెత్తారు. నేను ఆపలేదు. నాలో ఇంకా ఊపిరుంది.