మిసెస్ ఎల్లయ్య ఎవరు?

"పెళ్లయ్యి బిడ్డను కన్న ఆడదాన్ని ఇంకా నాయన పేరుతోనే రాస్తావా? సిగ్గుండాదా నీకు?"

"నేను రాయలేదవ్వా. ఫ్రెంచోళ్లు రాసినారు. వాళ్లు రాసిందే నేను ఇంగ్లీషులో రాస్తా ఉండా."

"వాళ్లకు లేకపోతే మనకూ ఉండగూడదా?"

"ఇందులో సిగ్గు సంగతి లేదవ్వా. ఉన్నది ఉన్నట్టు రాయాల, అంతే."

"ఉన్నది ఉన్నట్టు రాసేదానికి నువ్వెందుకు? జిరాక్సు మిషను చాలదా?"

ఆ అవ్వను నేనే, ఈ ఆఖరి మాటా నాదే. అన్న తరువాత నాకు నేనే పెద్ద ప్లీడరు మాదిరి కనపడినాను. ఆ ప్లీడరు వాదన వల్ల ఒక ముసలామెకు తానుండే ఇల్లు తనది కాకుండా పోయే దాకా వచ్చింది. అదెట్లాగో చెప్తాను. మీరు నవ్వాలంటే నవ్వండి. నేను నవ్వను. నాకు ఆ అలవాటు తక్కువ.

జరిగి రెండేళ్లయింది. అప్పటికే నాకు డెబ్బై దాటినాయి కాబట్టి చిన్నతనం అని తప్పించుకునేదానికీ లేదు.

మా మనవరాలు భార్గవి ఫ్రెంచి చదువుకునింది. మా పుదుచ్చేరిలో ఫ్రెంచోళ్లు పోయినారు గానీ వాళ్ల కాగితాలు పోలేదు. వాళ్ల కాలంలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరు ఇల్లు కొన్నా ఆ భాషలోనే రాసి పెట్టినారు. ఇప్పుడు ఆఫీసుల్లో కూర్చునేవాళ్లకు అది ఒక్క ముక్క రాదు. ఆ పాత కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి స్టాంపు వేసి ఇచ్చే పెద్దాయన ఒకాయన ఉండాడు. కళ్లు మసకలయ్యి, మా భార్గవిని సాయానికి పెట్టుకున్నాడు. దానికి అదే మొదటి పని.

ఆ కాగితం సముద్రం ఒడ్డున బెస్తవాళ్ల పేట కురుచికుప్పంలో ఉండే ముత్యాలమ్మది. నా ఈడుదే. చేపలమ్ముకుని బతికిన మనిషి. ఆమె ఉండే ఇల్లు వాళ్లమ్మ అంకమ్మ ఫ్రెంచి కాలంలో కొన్నది. అంకమ్మ పోయి ఎన్నేళ్లయినా ఇల్లు ఇంకా ఆమె పేరు మీదే ఉంది. దాన్ని ముత్యాలమ్మ తన పేరుకు మార్చుకోవాలంటే, తాను అంకమ్మ కన్న బిడ్డనని చూపించాల. అది చూపించేది ఆమె పుట్టిన సర్టిఫికెట్టు. ఇంటి పత్రాన్ని పెద్దాయన ముందే ఇంగ్లీషు చేసి పెట్టినాడు. పుట్టిన సర్టిఫికెట్టు భార్గవి చేతికి, అంటే మా ఇంటికి వచ్చింది.

అదే దాని గ్రహచారం.

మొదట తప్పు నాది కాదు, భార్గవిది. ఊరికే ఉండకుండా నన్ను అడిగింది. "అవ్వా, 'ఆల్దే' అంటే ఏంది? డిక్షనరీలో యాడా దొరకలేదు."

నేను ఫ్రెంచి బడిలో మూడో తరగతి దాకా చదివినాను. ఆ తరువాత మా నాయన బడి చాలన్నాడు. అయినా ఆ మాట నాకు తెలుసు. "పల్లె. మన ఊరి ఫ్రెంచోళ్లు పల్లెను అట్లనే అనేవాళ్లు," అన్నాను.

"అబ్బా! అవ్వా, నువ్వు లేకపోతే నేనేం చేసేదాన్నో!"

అనాల్సిన మాటేనా అది? కాగే నూనెలో వేసిన పూరీ మాదిరి ఉబ్బిపోయినాను. బియ్యంలో రాళ్లేరే పని పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, దాని పక్కన కుర్చీ వేసుకున్నాను. రెండు లైట్లెందుకని ఒకటి ఆర్పినాను కూడా.

"ఇదేంది, అంకమ్మ పేరు పక్కన?"

"సాన్ ప్రొఫెసియోన్. పని ఏమీ లేనిది అని."

"ఎవరికి పని లేదు? అంకమ్మకా? తెల్లారకముందే గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగిన మనిషికా? నేను కళ్లారా చూసినాను. కొట్టెయ్. చేపల వ్యాపారం అని రాయి."

"అవ్వా, అట్లా మార్చగూడదు."

"అబద్ధం రాయొచ్చు, నిజం రాయగూడదా?"

పిల్ల బిత్తరపోయి చూసింది. చేపల వ్యాపారం అని రాసింది. ఒక మెట్టు ఎక్కినాక నేను దిగే రకం కాదు. దాని కింద వరసలో కనపడింది, 'రామయ్య కూతురు అంకమ్మ' అని. బిడ్డ తండ్రి ఎల్లయ్య పేరు వేరేగా పైన యాడో ఉంది. తల్లిని చూస్తే పెళ్లే కానట్టు పుట్టింటి పేరుతో నిలబెట్టినారు. చదివినవాళ్లు ముత్యాలమ్మ పుట్టుక గురించి ఏమనుకుంటారు? ఆ మనిషి మర్యాద కోసమే నేను ఆ పోట్లాట పెట్టుకున్నాను. మీరు మొదట విన్నది అదే.

భార్గవి దిగిరాలేదు. "ఫ్రెంచోళ్ల లెక్కలో ఆడమనిషికి పుట్టినప్పటి పేరే చచ్చేదాకా పేరవ్వా. ఆఫీసులో అదే చూస్తారు."

"నేను అన్నం తినను," అన్నాను.

ఇది నా ఆఖరి బాణం. వేస్తే తప్పింది లేదు. మధ్యాహ్నం గడిచింది. చేసిన అన్నం పారేయడం నాకు చేతగాదు కాబట్టి, సాయంత్రానికి నీళ్లు పోసుకుని చల్లన్నంగా తినేదానికి ఎత్తి పెట్టుకునే ఉన్నాను. పిల్లకు ఆ సంగతి తెలియదు. దీపాలు పెట్టే వేళకు కళ్లనీళ్లు పెట్టుకుని 'రామయ్య కూతురు అంకమ్మ'ను కొట్టేసి, 'మిసెస్ ఎల్లయ్య' అని రాసింది. నేను చల్లన్నం తిన్నాను. అంత రుచిగా ఎప్పుడూ లేదు.

పెద్దాయన మసక కళ్లతో చూసి, పిల్ల మీద నమ్మకంతో స్టాంపు వేసినాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మా వాకిట్లో చెప్పుల చప్పుడు. ముత్యాలమ్మ! కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో కాగితంతో వచ్చింది.

"యాడమ్మా మీ చదువులతల్లి? బయటికి పిలువు!"

"ఏమైంది ముత్యాలక్కా? కూర్చో."

"కూర్చునేదానికి ఇల్లుంటే గదా! రిజిస్ట్రారాఫీసులో ఆ క్లార్కు పిల్లోడు ఏమన్నాడో తెలుసా? 'ఇంటి ఓనరు రామయ్య కూతురు అంకమ్మ. ఇందులో నీకు తల్లి మిసెస్ ఎల్లయ్య. ఎవరామె?' అన్నాడు. మా అమ్మే నాయనా అన్నాను. 'మీ అమ్మ పేరు అంకమ్మా, మిసెస్సా?' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వినారు. రేపు పొద్దున సరైన కాగితం తేకపోతే ఫైలు మూసేస్తాడంట. మళ్లీ మొదటినుంచీ రావాలంట. ఈ మోకాళ్లతో నేను మళ్లీ మొదటినుంచీ వస్తానా?"

భార్గవి తలుపు పక్కన నిలబడి ఉంది. అవ్వే మార్పించింది అని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. నేను పెంచిన పిల్ల.

"పిల్లనేమీ అనొద్దు ముత్యాలక్కా. మార్పించింది నేను."

"నువ్వా? ఎందుకు?"

"నీ మర్యాద కోసమే. మీ అమ్మ పేరు పక్కన మీ నాయన పేరు లేకపోతే లోకం ఏమనుకుంటాదో అని..."

ముత్యాలమ్మ అప్పుడు కూర్చునింది. కేకలు ఆగిపోయినాయి. ఆగకుండా ఉంటే నాకు బాగుండేది.

"నేను పొత్తిళ్లలో ఉండంగానే ఆ ఎల్లయ్య ఓడెక్కి సైగాన్ పోయినాడు. మళ్లీ రాలేదు. ఒక జాబు లేదు. మా అమ్మ గంప మోసి ఆ ఇల్లు కొనింది. మా కుప్పంలో ఆమెను అందరూ ఎల్లయ్య వదిలేసింది అనే పిలిచినారు, చచ్చేదాకా. ఆ ఫ్రెంచోళ్ల కాగితాల్లో మాత్రమే మా అమ్మకు తన పేరుండేది. అదీ తుడిచేసినావు గదమ్మా."

నేనే లేచి రెండో లైటు కూడా వేసినాను. మా ఇంట్లో అందరికీ అది కొత్త.

ఆమె పోయినాక భార్గవి మళ్లీ రాయడానికి కూర్చునింది. 'రామయ్య కూతురు అంకమ్మ' అని రాసింది. 'పని ఏమీ లేనిది' అనే మాట దగ్గర ఆగి నా వైపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టు రాయి," అన్నాను.

ఆ తరువాత, తప్పు కాగితం వెనకవైపు తెల్లగానే ఉంది గదా, కొత్తది పాడు చేయడమెందుకని, దాని మీదే నా ప్రమాణం రాయించినాను. "ఇకమీదట ఎవరి కాగితంలోనూ, ఎవరి తల్లి పేరులోనూ, నాకు ఎంత న్యాయంగా తోచినా, నేను వేలు పెట్టను. పెడితే ఆ పూట నిజంగానే అన్నం మానేస్తాను. చల్లన్నం కూడా." కింద సంతకం చేసినాను. దేవుడి పటం ముందర పెట్టి దండం పెట్టుకున్నాను. భార్గవి కూడా గంభీరంగా పెట్టుకునింది. దాని భుజాలు మాత్రం కదులుతా ఉండినాయి.

మరునాడు పొద్దున పెద్దాయన దగ్గర స్టాంపు వేయించుకుని, ముత్యాలమ్మను పిలుచుకుని ముగ్గురమూ రిజిస్ట్రారాఫీసుకు పోయినాము. క్లార్కు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, తల ఊపినాడు. ముత్యాలమ్మను ఎరిగిన సాక్షి ఒకరు కావాలన్నాడు. నేను ముందుకు పోయినాను.

"పేరు పాట్టీ?" అవ్వా అని అరవంలో పిలిచి అడిగినాడు.

"లక్ష్మీకాంతమ్మ."

"వీట్టుకారర్ పేరు?"

మా ఇంటాయన పేరు అడుగుతా ఉండాడు. పెళ్లయిననాటినుంచీ ఆ పేరు నా నోట పలికింది లేదు. ఆయన పోయినాక కూడా పలకలేదు. మర్యాద గల ఆడది పలకగూడదని నా నమ్మకం. భార్గవి చెప్తుందేమోనని చూసినాను. అది గోడ మీద ఫ్యాను వైపు చాలా శ్రద్ధగా చూస్తా ఉంది. వెనక క్యూలో జనం గొణుగుతా ఉండారు. ముత్యాలమ్మ నన్నే చూస్తా ఉంది.

"ఆయన పేరెందుకు?" అన్నాను. "సుబ్బరాయుడి కూతురు లక్ష్మీకాంతమ్మ అని రాసుకో."

అట్లనే రాసుకున్నాడు. ముత్యాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. నేను సంతకం చేసినాను. ఇల్లు ఆమె పేరుకు మారింది.