మూడో పిలుపు కోసం ఆగాను

ఎనిమిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మీ ముఖం నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది యాంగోన్. నేను ఓడల్లో వంటవాణ్ణి. అక్కడి తాకేటా పేటలో మా సందులోనే పెరిగిన సింహాద్రిని, వద్దంటున్నా బతిమాలి, దక్షిణ ధ్రువ ప్రాంతానికి శాస్త్రవేత్తలను తీసుకెళ్లే ఓడలో పనికి చేర్చింది నేనే.

ఆ రోజు మంచు మీది గుడారాలకు సామాను చేరవేస్తున్నాం. గాలి లేదు. గాల్లోని మంచు పలుకుల మీద వెలుగు పడి, సూర్యుడికి అటూ ఇటూ మరో రెండు సూర్యుళ్లు ఉన్నట్టు కనిపించాయి. ఇలాంటి చలిలో మైలు దూరం మాట కూడా చెవి పక్కనే వినిపిస్తుందని ఒక పెద్దాయన పొద్దున్నే చెప్పాడు కూడా. సింహాద్రి ఖాళీ బండి లాక్కుంటూ ఓడ వైపు వెళ్లాడు. కాసేపటికి నా పేరు వినిపించింది. ఎడమ పక్కన, చెవి దగ్గరే. తిరిగి చూస్తే కనుచూపు మేరలో ఎవరూ లేరు.

ఆరుబయట మనిషి కనపడకుండా పిలుపు వస్తే మూడోసారి దాకా పలకకూడదని, దయ్యం రెండుసార్లే పిలుస్తుందని మా నాయనమ్మ చెప్పేది. నోరు మూసుకుని నిలబడ్డాను. రెండోసారి వినిపించింది. వాడి గొంతే. మూడోది రాలేదు.

అది భయం. మరి తరువాత చేసింది? వాడు ఓడకు చేరలేదని తెలిసి వెతకడానికి బయల్దేరినవాళ్లు, ఏమైనా విన్నావా అని నన్ను అడిగారు. విన్నానంటే ఎందుకు పలకలేదంటారు. దయ్యమనుకున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? లేదన్నాను. వాళ్లు ఓడ దారంతా గాలించారు. మర్నాడు, నాకు పిలుపు వినిపించిన ఎడమ వైపునే, మంచు పగులులో దొరికాడు. ప్రాణం లేదు. నిజం చెప్పుంటే బతికేవాడా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

తిరిగొచ్చాక వాడి అప్ప దగ్గరికి వెళ్లాను.

"నిజం సెప్పు. ఆకర్న ఆడు నిన్ను ఒక్కపాలైనా పిలవనేదేటి?"

"నేదప్పా. నాకేటీ ఇనపడనేదు."

"అయితే పడీపడగానే పోయుంటాడు. బాద పడనేదు నా తమ్ముడు," అని కళ్లు తుడుచుకుంది.

ఏటా వాడి పేరున మఠంలో భిక్షువులకు భోజనం పెట్టి, ఇంటికొచ్చి ముందు నాకే వడ్డిస్తుంది. తింటాను. చెబితే ఆవిడకున్న ఆ ఒక్క ఊరటా పోతుందని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది దయా? కాదు, పిరికితనం. ఇప్పటికీ ఆవిడ గడప దాకా వెళ్లి చెప్పే ధైర్యం లేదు. మీకు చెబుతున్నాను.

సింహాద్రి పిలిచాడు. నేను విన్నాను.

రాశాక ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.