మందు మానిపించిన తల్లి

కరోనా తగ్గి, ఏజెన్సీ సంతలు మళ్లీ జనంతో నిండిన ఏడాది అది. హుకుంపేట వైపు కొండ గ్రామాలకు నేను టీబీ విభాగంలో ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ని. పేరు పెద్దదే గాని పని ఒక్కటే: మందు మొదలుపెట్టినవాళ్లు చివరిదాకా మింగేలా చూడటం. టీబీ మాత్రలు నెలల తరబడి విడవకుండా వాడాలి. ఒళ్లు కాస్త తేలికపడగానే కొందరు మానేస్తారు. జబ్బు తిరగబెడుతుంది, ఆ మాత్రలకు లొంగకుండా కూడా పోవచ్చు. అలా మానేసినవాళ్లను మేం డిఫాల్టర్ అంటాం. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో ఎప్పుడూ కాస్త కోపముండేది. బండి వెళ్లినంత దూరం బండి మీద, ఆపైన కాలినడకన పోయి, అల్లం చేలో ఉన్నవాణ్ణి పట్టుకుని మాత్ర మింగించి వచ్చిన రోజులున్నాయి. కొండమీద అందరూ నన్ను ‘మాత్రల సారు’ అనేవారు. అది పొగడ్తే అనుకునేవాణ్ణి.

సుభద్రకు అప్పుడు తొమ్మిదేళ్లు. మెడకు ఎడమవైపు, కాలర్ బోన్‌కు కాస్త పైన గడ్డ లేచింది. సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా చెమట, బరువు తగ్గడం. మా దగ్గర ఈ లక్షణాలన్నీ కలిస్తే ముందు గుర్తొచ్చేది గ్రంథి టీబీ. ఆసుపత్రిలో డాక్టరు గారు అలాగే అనుమానించి మందు మొదలుపెట్టారు. నేను కార్డు రాసి, మాత్రలు ఎలా వెయ్యాలో తల్లి బుద్రమ్మకు చెప్పి వచ్చాను. రెండు నెలలు సజావుగా సాగింది. మూడో నెలలో ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసి, బుద్రమ్మ మాత్రలు తిరిగిచ్చేసిందని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. దారి పొడవునా తిట్లు సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. బుద్రమ్మ అరుగు మీద రాజ్‌మా కాయలు వలుస్తోంది. సుభద్ర ఆమె వీపుకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది.

“గుంటకి మందెందుకు మానేశావు?” అన్నాను, చెప్పులైనా విప్పకుండా.

“నానే మానిపించినాను. గుంట తప్పేటీ లేదు.”

“చచ్చిపోతుంది తెలుసా?”

ఆమె చేతిలో కాయలు చాటలో పడేసింది. “మాత్తర్లేసినా సచ్చిపోతాది సారూ. నువ్వు నెల నెలా వొత్తన్నావు. అట్టలు నెక్కెట్టుకుని ఎల్లిపోతన్నావు. గుంట మెడ మీద ఒక్కసారైనా సెయ్యెట్టి సూసినావా?”

నిజంగానే చూడలేదు. అది నా పని కాదనుకున్నాను.

ఆమె లోపలికి వెళ్లి ఓ చిన్న మూట తెచ్చింది. అందులో గోనెసంచులు కుట్టే పురికొస ముక్కలు తొమ్మిది ఉన్నాయి. మందు మొదలైన నాటి నుంచి ప్రతి సంతరోజూ పొద్దున్న, కూతురి మెడ చుట్టూ గడ్డ మీదుగా పురికొస తిప్పి, సరిపోయిన చోట కోసి దాచిందట. ఎన్నో సంతదో తెలిసేలా ఒక్కోదానికి అన్ని ముళ్లు వేసింది. వాటిని వరసగా అరుగు మీద పరిచింది. ఒకదాన్ని మించి ఒకటి పొడుగు. మొదటిదానికీ చివరిదానికీ రెండు వేళ్ల తేడా ఉంది.

“ఇది ఎల్లకిలా పండుకోనేదు. పండుకుంతే ఊపిరాడదంతాది. కూకోబెట్టి నా ఈపుకి ఆనించుకుంతన్నాను. మందు పని సేత్తే ఇలా అవుద్దా, సెప్పు?”

పిల్ల మెడ మీద వేళ్లు పెట్టాను. నొక్కితే నొప్పి లేదంది. గడ్డ రబ్బరు ముద్దలా తగిలింది. అలాంటివి ఒకటికి నాలుగున్నాయి. అది ఏ జబ్బో చెప్పే చదువు నాకు లేదు. కాని సిద్ధం చేసుకొచ్చిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. “బయల్దేరమ్మా, బేగి పోదాం,” అన్నాను.

మందు మొదలుపెట్టిన డాక్టరు గారి దగ్గరికే వెళ్లాం. ఆయన చెడ్డవారు కారు. “మందు మొదలయ్యాక టీబీ గ్రంథులు కూడా ఒక్కోసారి పెరుగుతాయి, మీకూ తెలుసుగా. ముందు మాత్రలు మళ్లీ మొదలుపెట్టించండి,” అన్నారు. అది అబద్ధం కాదు. నేను బయటికి రాబోతుంటే బుద్రమ్మ కదల్లేదు. పురికొస ముక్కలన్నీ ఆయన బల్ల మీద, రక్తపరీక్ష కాగితాల పక్కనే పరిచింది.

“ఒక్క సంతైనా పొట్టి అవ్వాల గదా డాక్టరుబాబూ? ఒక్కటి సూపించు. మాత్తర్లు నానే మింగిత్తాను.”

ఆయన ఒక్కో ముక్కనూ చేత్తో పట్టుకుని చూశారు. ఎక్స్‌రే తీయించారు. ఛాతీ మధ్యలో నీడ ఉండాల్సిన దానికన్నా వెడల్పుగా ఉంది. లోపలి గ్రంథులు ఉబ్బి ఊపిరిగొట్టాన్ని నొక్కుతున్నాయి, అందుకే పడుకుంటే ఊపిరాడటం లేదు. ఆయనే అంబులెన్స్‌కు ఫోన్ చేసి విశాఖ పెద్దాసుపత్రికి రాసిచ్చారు. నన్ను కూడా వెళ్లమన్నారు.

అక్కడ గడ్డలోకి సన్న సూది గుచ్చి కాసిన్ని కణాలు లాగారు. దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. ఫలితంలో ఏమీ తేలలేదు. వార్డులో ఉన్న కుర్ర డాక్టరు, టీబీ మందే వాడుతూ నెలాగి రమ్మని చీటీ రాశాడు. బుద్రమ్మ ఆ చీటీ మడిచి అతని చేతిలోనే పెట్టి, వార్డు గుమ్మంలో చతికిలబడింది. సెక్యూరిటీ అతను వచ్చి లెమ్మన్నాడు.

“నెల్లాళ్లు నా గుంట కూకునే పండుకుంతాదా? అదేటో తేలీదాకా నానెల్లను. ఇక్కడే కూకుంతాను.”

అందరూ నావైపు చూశారు. ఆమెను బుజ్జగించి లేపవలసింది నేనే అన్నట్టు. ఇన్నేళ్లూ నేను చేసిన పని అదే. ఆ రోజు మాత్రం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా మెడలో గవర్నమెంటు ఐడీ కార్డు వేలాడుతోంది. “ఈమె లేస్తేనే నేనూ లేస్తాను,” అన్నాను.

సర్జన్ గారు రౌండ్స్‌కు వస్తూ మమ్మల్ని చూసి ఆగారు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశారు. పిల్లను తానే తాకి చూశారు. గ్రంథి ఒకటి మొత్తంగా తీసి పరీక్షకు పంపారు. అదే బయాప్సీ. సూదికి దొరకనిది అందులో దొరికింది: హాడ్జ్‌కిన్ లింఫోమా, గ్రంథులకు వచ్చే ఒక రకం క్యాన్సర్.

క్యాన్సర్ వార్డు డాక్టరమ్మ బుద్రమ్మను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. జబ్బులతో పోరాడే తెల్లకణాలు ఒంట్లో గ్రంథుల్లో ఉంటాయని, వాటిలో కొన్ని అదుపు తప్పి పెరిగితే ఈ జబ్బు వస్తుందని, జ్వరం, చెమట, బరువు తగ్గడం టీబీలాగే ఉంటాయి గనుక ఒకటి చూసి మరొకటి అనుకోవడం జరుగుతుందని.

“పక్కనోల్లకి అంటుకుంతాదా?”

“అంటుకోదు.”

“నయమవుద్దా?”

“ఈ రకం పిల్లల్లో చాలామందికి నయమవుతుంది. మందు గట్టిది. వాంతులవుతాయి, జుట్టు రాలిపోతుంది. అయినా మధ్యలో మానకూడదమ్మా.”

“పని సేసీ మందు నానెందుకు మానిపిత్తాను?” అంది బుద్రమ్మ. డాక్టరమ్మ నవ్వింది.

మొదటి విడత కీమోథెరపీ, అంటే నరం ద్వారా ఎక్కించే మందు, పూర్తయిన కొన్నాళ్లకు సుభద్ర వెల్లకిలా పడుకుని తెల్లవార్లూ నిద్రపోయిందట. ఆ సంగతి చెప్పడానికి బుద్రమ్మ పక్క మంచం వాళ్ల ఫోన్ నుంచి నాకు ఫోన్ చేసి, చెప్పలేక ఏడ్చింది. అంతకు ముందు ఆమె ఏడవడం నేను ఎరగను.

తర్వాతి నెలలు సులువుగా ఏమీ గడవలేదు. నోరంతా పూసి పిల్ల గంజి కూడా మింగలేని రోజులున్నాయి. ఒకసారి జ్వరమొచ్చి ఘాట్ రోడ్డులో సగం ఎక్కినవాళ్లు తిరిగి ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్లను ఊరికే కోతకు, సూదులకు ఇస్తున్నావని బావగారు బుద్రమ్మతో మాట్లాడటం మానేశాడు. భర్త ఇంటి దగ్గర చిన్నవాణ్ణి, చేనును చూసుకుంటూ, అన్నకు ఎదురుచెప్పలేక, బస్సెక్కించడానికి మాత్రం ప్రతిసారీ వచ్చి నిలబడేవాడు. సుభద్ర గుండు చూసి స్కూల్లో పిల్లలు దూరం జరిగితే టీచరు టోపీ తెచ్చి ఇచ్చారు. అది పెట్టుకోలేదు. “నానేటి దొంగతనం సేసినానా, తల కప్పుకోడానికి?” అందట. తల్లికి తగ్గ కూతురు.

ఇప్పుడామె ఏడో తరగతి. జడ వేసుకుంటోంది. ఏటా విశాఖ వెళ్లి చూపించుకు వస్తోంది. జబ్బు జాడ లేదంటున్నారు.

ఆ ఏడాది సమీక్షలో పై అధికారి సుభద్ర పేరు దగ్గర ఆగి, అన్ని రోజులు మందు మానింది గనుక డిఫాల్టర్ అని రాయమన్నారు. నేను రాయనన్నాను. రోగ నిర్ధారణ మారిందని రాసి, కారణం దగ్గర ‘మందు పనిచేయడం లేదని తల్లి కనిపెట్టింది’ అని పెట్టాను. కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. మెమో ఇచ్చారు, తీసుకున్నాను.

ఇది చదివి టీబీ మందు మానేయవచ్చని ఎవరూ అనుకోకండి. మానేసేవాళ్లలో ఎక్కువమంది తప్పే చేస్తున్నారు, వాళ్లతో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను. మందు వాడుతున్నా గడ్డ పెరుగుతుంటే మాత్రం ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, అడగండి, ఇవ్వకపోతే గుమ్మంలో కూర్చోండి. నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ‘ఎందుకు మానేశావు’ అని నేను వేలసార్లు అడిగి ఉంటాను. అది ప్రశ్న అని బుద్రమ్మ ఇంటి అరుగు దగ్గరే తెలిసింది. మొన్న ఒకాయన మూడు వారాలు మాత్రలు వేసుకోలేదని వెళ్లాను. చెప్పులు విప్పి, పక్కన కూర్చుని అడిగాను. ఆయన గోడవైపు చూస్తూ, “బద్దకం సారూ,” అన్నాడు. ఆయన మెడ, చంకలు తడిమి చూసి, ఏమీ లేవని రూఢి చేసుకున్నాక, అప్పుడు తిట్టాను.