వేమూరు దాకా

మా అక్కని విమానంలో బిజినెస్ క్లాసులో కూర్చోబెట్టాలని నేను పంతం పట్టడానికి కారణం ఆమె కాళ్లు. ముప్పై ఏళ్లుగా రేపల్లెలో కుట్టుమిషను తొక్కీ తొక్కీ పిక్కల మీద నరాలు ఉబ్బిపోయాయి. తెనాలి డాక్టరుగారు చూసినప్పుడల్లా ఒకటే చెబుతారు, రోజుకో గంటైనా కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని కూర్చోమని. అక్క బుద్ధిగా "అలాగేనండి" అంటుంది. ఇంటికొచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంటుంది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు పొద్దస్తమానం వస్తూ పోతూ ఉంటారు. "మనిషి ఎదురుగా ఉండగా కాళ్లు చాపుకుంటారటే ఎవరన్నా?" అని ఆమె నన్నే కసురుతుంది.

నేను బాపట్లలో వ్యవసాయ కళాశాలలో చదువుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయాను. రంగు మారిన బియ్యపు గింజల్ని ఏరేసే మిషన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం. ఆ పని మీద పదేళ్లుగా విమానాలెక్కుతున్నాను, ఎప్పుడూ వెనకాల, మోకాళ్లు ముందు సీటుకి తగిలించుకుని. అలా తిరిగినందుకు విమానాలవాళ్లు నా పేరు మీద మైళ్లు జమ వేస్తూ వచ్చారు. వాటి సంగతే మర్చిపోయాను. ఒకరోజు, గడువు దగ్గర పడింది, వాడుకోకపోతే పోతాయని మెయిల్ వచ్చింది. చూస్తే, చెన్నై నుంచి కొలంబోకి బిజినెస్ క్లాసులో ఒక్క సీటుకి సరిపోతాయట. అదీ వెళ్లేటప్పుడు మాత్రమే.

ఆ సీటు ఫొటో ఫోన్లో చూశాను. బొత్తాం నొక్కితే కాళ్ల కింద నుంచి ఒక మెత్తటి పలక పైకి లేస్తుంది. ఇంక నేనేమీ ఆలోచించలేదు. కొలంబోలో ఏముందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. గంటా ఇరవై నిమిషాలు మా అక్క కాళ్లు ఆ పలక మీద ఉండాలి. అంతే.

అక్క ససేమిరా అంది. "నాకెందుకే పాస్‌పోర్టు? మిషను మీద ఇరవై జాకెట్లున్నాయి. నువ్వే వెళ్లిరా." నేను నాలుగు ఆదివారాలు వరసగా బాపట్లలో బస్సెక్కి రేపల్లె వెళ్లాను. మొదటి ఆదివారం పోట్లాడాను. రెండో ఆదివారం మాట్లాడకుండా కూర్చున్నాను. మూడో ఆదివారం మిషను తాడు తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను, పాస్‌పోర్టు కాగితాల మీద సంతకం పెడితేగానీ ఇవ్వనన్నాను. పెట్టింది. తర్వాత విచారణకని ఒక కానిస్టేబులు ఆమె ఇంటికి వచ్చాడు. ఆయన కాఫీ తాగి వెళ్లేలోపల వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చేసిందట. "నీ మూలాన పోలీసు మా గడప తొక్కాడు" అని నాలుగో ఆదివారమంతా నన్ను దులిపేసింది. దులిపితే దులిపింది, పాస్‌పోర్టు మాత్రం వచ్చింది.

ఇంత పంతం ఎందుకని మా ఆయన కూడా అడిగాడు. కాళ్ల గురించి చెప్పాను. రెండో కారణం ఆయనకి చెప్పలేదు.

చిన్నప్పుడు మా ఇల్లు రేపల్లెలోనే. నేను తెనాలిలో హైస్కూలుకి వెళ్లేదాన్ని. నాకంటే అయిదేళ్లు పెద్దదైన అక్క అక్కడే ఒకావిడ దగ్గర కుట్టు నేర్చుకునేది. సాయంత్రం ఇద్దరం రేపల్లె పాసింజరు ఎక్కేవాళ్లం. బండి ఆగీ ఆగకముందే అక్క కిటికీలోంచి జేబురుమాలు విసిరి సీటు పట్టేది. ఆ జనంలో దొరికేది ఒక్క సీటే. అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. వేమూరు దాకా నేను కూర్చోవాలి, అక్కడి నుంచి అక్క కూర్చోవాలి. వేమూరు ఇంచుమించు సగం దూరం.

నేను కూర్చోగానే నిద్రపోయేదాన్ని. మధ్యలో మెలకువ వచ్చి "వేమూరు వచ్చిందా?" అంటే, "ఇంకా రాలేదు, పడుకో" అనేది అక్క. మళ్లీ కళ్లు తెరిచేసరికి రేపల్లె. ఒకరోజు మెలకువ వచ్చేసరికి బండి ఆగి ఉంది. కిటికీ అవతల పసుపు బోర్డు మీద వేమూరు అని నల్లటి అక్షరాలు. "వచ్చిందా?" అని అడిగాను. "ఇంకా రాలేదు" అంది అక్క, పొద్దుటి నుంచీ మిషను తొక్కిన కాళ్ల మీద నిలబడి. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా చాలా రోజులు తెలిసే మూసుకున్నాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చెన్నైకి రైల్లో వెళ్లాం. అక్క తెనాలిలో ఎక్కింది, నేను బాపట్లలో కలిశాను. ఆమె సంచిలో స్టీలు డబ్బా నిండా పులిహోర. ఎయిర్‌పోర్టులో బిజినెస్ క్లాసు వాళ్లు కూర్చునే గది గుమ్మం దాకా తీసుకెళ్లి, లోపల టిఫినూ కాఫీ ఉంటాయి, వెళ్లమన్నాను. తొంగి చూసి, "ఎవరో తెలియనివాళ్ల ఇంట్లో భోజనానికి వెళ్లినట్టుంది, నేను రాను" అని వెనక్కి తిరిగింది. ఇద్దరం బయట కుర్చీల్లో కూర్చుని పులిహోర తిన్నాం. సరేలే, అసలు సంగతి విమానంలో కదా అని ఊరుకున్నాను.

నాకు వేరే టిక్కెట్టు కొనుక్కున్నానని, నా సీటు వేరే చోటని ఆమెకి చెప్పలేదు. "నువ్వెక్కడ?" అంటే "నీ వెనకే" అన్నాను. అది అబద్ధం కాదు. బిజినెస్ క్లాసు చివరి వరసలో నడవ పక్క సీటు ఆమెది, మధ్యలో ఒక తెర, దాని ఇవతల మొదటి వరసలో నడవకి రెండో వైపు సీటు నాది. కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, బొత్తాం చూపించాను. పక్క సీట్లో తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. అక్క ఆయన్ని చూసి కాళ్లు ఇంకా లోపలికి ముడుచుకుంది.

విమానం పైకి లేచాక ఒక అమ్మాయి పళ్లరసం తెచ్చింది. తెర సందులోంచి నాకు కనిపిస్తోంది. అక్క నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ అమ్మాయి వెళ్లిపోయింది. దుప్పటి తెచ్చింది. అక్క చెయ్యి ఊపింది. భోజనం తెచ్చింది. అక్క చెయ్యి ఊపింది, ఆ పళ్లెం వంక మాత్రం కొంచెం సేపు చూసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు ఎవరేం పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "అయ్యో, ఎందుకండీ" అనాలి. మూడోసారికి "ఏదో కొంచెం" అని తీసుకోవాలి. మొదటిసారే తీసుకుంటే ఆబగా ఉన్నట్టు, మూడుసార్లు అడగకపోతే పెట్టేవాళ్లకి మర్యాద తెలియనట్టు. అక్క పాపం ఆ రెండోసారి కోసం కూర్చుంది. ఆ పిల్లకేం తెలుసు?

గంట నొక్కాను. వచ్చిన అమ్మాయికి నా ఇంగ్లీషులో చెప్పాను, ముందున్నావిడ మా అక్క, ఆవిడ వద్దంటే వద్దని కాదు, ఏదైనా మూడుసార్లు అడగాలి అని. ఆ అమ్మాయి నావంక వింతగా చూసింది. ప్రయాణికులు వద్దన్నాక మళ్లీ అడిగి ఇబ్బంది పెట్టకూడదని తమకి నేర్పిస్తారట. "ఇబ్బంది పెట్టమ్మా, నేను చెబుతున్నాగా" అన్నాను. చూస్తానంటూ వెళ్లింది.

ఈలోపల తెర తొలగింది. అక్క వచ్చి నా పక్కన నడవలో నిలబడింది, నా సీటు పట్టుకుని, అచ్చం పాసింజరులో నిలబడినట్టే.

"ఏంటే, వెనకే అంటే తెర వెనకా? ఒక్క సీటే కొన్నావా?"

"కొనలేదు, మైళ్లకి వచ్చింది. నువ్వెందుకొచ్చావ్?"

"పక్కాయన్ని అడిగా. సగం దూరం అయిపోయిందన్నాడు. లే, నువ్వెళ్లి కూర్చో. నేనిక్కడ కూర్చుంటా."

"నేను లేవను."

"ఒప్పందం ఒప్పందమే. వేమూరు వచ్చేసింది, లేవే."

ఆ ఊరి పేరు ఆమె నోట విని ఎన్నేళ్లయిందో. కానీ నేను ఇంత దూరం వచ్చింది లేవడానికి కాదు. బెల్టు ఇంకొంచెం బిగించుకున్నాను.

"వేమూరు ఇంకా రాలేదక్కా. వెళ్లి కూర్చో."

అక్క నావంకే చూసి మెల్లగా నవ్వింది.

"బోర్డు చూసి కూడా కళ్లు మూసుకునేదానివి. నాకు తెలియదనుకున్నావా?"

నాకు ఏడుపొచ్చేసింది. పక్క సీటువాళ్లు చూస్తున్నా ఆపుకోలేకపోయాను. ఇన్నేళ్లూ ఆమెకి తెలుసు. తెలిసే నిలబడింది.

"తెలిస్తే మరి ఎందుకు లేపలేదు?"

"నిద్రమొహం వేసుకుని ఉండేదానివి. ఏం లేపుతాం?"

"అయితే ఇప్పుడు నువ్వూ కళ్లు మూసుకో. కాళ్లు పైకి పెట్టుకో. ఆ పెద్దాయన ఏమనుకున్నా సరే."

అక్క కొంగుతో నా మొహం తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే కాస్త మొరటుగా. "సరేలే, ఏడవకు" అని తెర అవతలికి వెళ్లింది. ఆ అమ్మాయి మళ్లీ పళ్లెం పట్టుకుని వెళ్లడం కనిపించింది. ఒకసారి వంగి అడిగింది, ఇంకోసారి అడిగింది. కాసేపటికి అక్క గొంతు తెలుగులోనే వినిపించింది, "కొంచెం చాలమ్మా, కొంచెం చాలు."

తర్వాత నడవ మీదుగా, తెర సందులోంచి పలక పైకి లేవడం చూశాను. దాని మీదికి ముందు ఒక పాదం వచ్చింది, చాలాసేపటికి రెండోది. మెట్టెలు, మడమల దగ్గర పగుళ్లు, ఉబ్బిన నరాలు, అన్నీ కనిపిస్తున్నాయి. కొలంబోలో దిగే ముందు ఆ అమ్మాయి వచ్చి పలక దించమని మూడుసార్లు అడిగేదాకా అక్క వాటిని దించలేదు.