జీవమణి గారు ఎంచుకున్న పుస్తకం

జీవమణి గారు మా షాపులో తొమ్మిదేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ తొమ్మిదేళ్లలో ఎంతమందికి బయోడేటాలు కొట్టి ఉంటారో ఆవిడే చెప్పలేరు. అమీర్‌పేటలో మాది మెట్ల కింద షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, లామినేషన్ మిషను, కాగితాలు కోసే బల్ల. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు పొద్దున్నే ఫైళ్లు చంకన పెట్టుకుని వచ్చేవారు. జావా నేర్చుకుని నలభై రోజులైన మనిషికి మూడేళ్ల అనుభవం కావాలి. మేం ఇచ్చేవాళ్లం. లేని కంపెనీకి లెటర్‌హెడ్ తయారు చెయ్యడంలో ఆ వీధిలో నన్ను మించినవాడు లేడు. గొప్పకి చెప్పడం లేదు. తెనాలి నుంచి వచ్చిన హనుమత్ప్రసాద్ అనే నేను అలాగే బతికాను, అంతే.

జీవమణి గారికి ఆ పని నచ్చేది కాదు, అయినా చేసేవారు. "దేవుడు చూస్తున్నాడు సార్" అంటూనే మార్జిన్లు సరిచేసేవారు. "చూడనివ్వండి, అలైన్‌మెంట్ బాగుంటే ఆయనా మెచ్చుకుంటాడు" అని నేను ఏడిపించేవాణ్ని. ఆవిడ నవ్వేవారు కాదు. భర్త ఏసుబాబు ఎర్రమంజిల్లో ఒక గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. ఒక్కతే కూతురు, పేరు ఫేబీ. కాపురం పంజాగుట్ట వెనక సందులో, మేడ మీద ఒకటిన్నర గది.

రెండు వేల రెండు సెప్టెంబరులో, ఫేబీ ఎనిమిదో తరగతి క్వార్టర్లీ పరీక్ష రాస్తూ బెంచీ మీంచి పడిపోయింది. ఫిట్స్. అంతకుముందు ఇంట్లో రెండుసార్లు వచ్చాయి, నలుగురిలో అదే మొదలు. షాపుకి ఫోనొస్తే జీవమణి గారిని నా స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. పిల్ల వరండాలో పడి ఉంది. పిడికిట్లో ఎవరో తాళాల గుత్తి పెట్టారు. యూనిఫాం తడిసిపోయింది. పరీక్ష హాలు కిటికీల నిండా పిల్లల మొహాలు. కొందరు నవ్వుతున్నారు కూడా. జీవమణి గారు కొంగు పిల్ల మీద కప్పి, ఆ కిటికీలకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డారు. ఆవిడ ఎంత చాపినా రెండు కిటికీలు కూడా మూతపడలేదు. నాకు ఆ స్కూలుని అక్కడికక్కడే కూలగొట్టాలనిపించింది.

వారం తరవాత హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, మిగతా పిల్లలు భయపడుతున్నారని, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోమని ఎంతో మర్యాదగా చెప్పింది. చెబుతూ చెబుతూ టీసీ చేతిలో పెట్టింది. టీసీ ఇచ్చాక ఇంకా కొన్నాళ్లేమిటో నాకిప్పటికీ బోధపడలేదు. ఇంకో మూడు స్కూళ్లు తిరిగారు. పిల్లకి ఫిట్స్ ఉన్నాయని జీవమణి గారు ముందే చెప్పేసేవారు. చెప్పగానే సీట్లు నిండిపోయేవి.

అప్పుడే వాళ్ల చర్చికి వచ్చే అమెరికా కుటుంబం ఒకటి తిరుగు ప్రయాణం కట్టింది. వాళ్లు తమ పిల్లలకి స్కూలు లేకుండా ఇంట్లోనే చదువు చెప్పుకునేవారట. పోతూపోతూ వాళ్ల పుస్తకాలు మూడు జీవమణి గారికి ఇచ్చిపోయారు. మూడూ ఒకే సంగతి మీద: హైస్కూలు చదువంతా ఇంట్లోనే ఎలా నడపాలి అని.

ఆ మూడింటినీ ఆవిడ నా కోతబల్ల మీద పరిచి పదిహేను రోజులు మల్లగుల్లాలు పడ్డారు. ఒకటి పల్చటి పుస్తకం. పిల్లకి ఏది ఇష్టమైతే అది చదవనివ్వండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయంటుంది. "ఇది మా ఫేబీకి ఇస్తే రోజంతా కథలే చదువుతుంది సార్" అని పక్కన పెట్టేశారు. రెండోది గంట గంటకీ టైంటేబుల్ వేసింది. ఆ టైంటేబుల్‌లో తల్లి పగలంతా ఇంట్లోనే ఉంటుంది. ఇక షాపులో ఎవరుంటారు? మూడోది లావాటిది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లలో ఏ ఏడు ఏం చదవాలో రాసి, వెనక నలభై పేజీల ఫారాలు ఇచ్చారు. చదివిన పుస్తకాల జాబితాకి ఒకటి, ప్రయోగాలకి ఒకటి, చివర నాలుగేళ్ల మార్కుల షీటు. దాని అడుగున ఒక గీత, గీత కింద తల్లి సంతకం అని ఉంది.

ఆవిడ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు. వేలు ఆ గీత మీద నుంచి తియ్యలేదు.

"సార్, ఇందులో బోర్డు పరీక్ష లేదు సార్. తల్లి సంతకం చాలంట. కాలేజీలు ఒప్పుకుంటాయని కూడా రాశారు."

ఏ దేశపు కాలేజీలు ఒప్పుకుంటాయో ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. రోజూ పాతిక బయోడేటాల్లో మొట్టమొదటి వరసలో ఎస్సెస్సీ అని కొట్టే మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. కానీ ఫార్మాట్ బాగున్న కాగితం ఎక్కడైనా చెల్లిపోతుందని అమీర్‌పేట మా ఇద్దరికీ నేర్పిపెట్టింది. చెల్లగా కళ్లారా చూశాం కదా.

ఏసుబాబుకి మాత్రం మొదటినుంచీ ఇష్టం లేదు. మాటకారి కాడు పాపం. పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద పాత టెన్త్ గైడు ఒకటి కొని ఓ మధ్యాహ్నం షాపుకి పట్టుకొచ్చాడు.

"మా సెక్షన్ ఆఫీసర్ గారు చెప్పారు. టెన్త్ ప్రైవేటుగా కట్టచ్చంట. వయసు రాగానే కట్టేద్దాం. నువ్వు ఏ పుస్తకమైనా పెట్టుకో జీవా, పరీక్ష ఉన్న పుస్తకం పెట్టుకో."

"పరీక్షంటే హాలు కదండీ. ఎవరో తెలియని స్కూలు, ఎవరో తెలియని పిల్లలు."

"మందులు వాడుతుంది కదా."

"మీరు ఆ రోజు వరండాలో లేరు" అన్నారు జీవమణి గారు.

ఏసుబాబు గైడు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ దాన్ని తెరవను కూడా తెరవలేదు. నేనూ ఆవిడ పక్షమే వహించాను. ఆ తప్పు నాది.

తరవాత రెండేళ్లకు పైగా ఆ లావాటి పుస్తకం ఆవిడ ఇంటిని నడిపింది. అమెరికా చరిత్ర ఉన్నచోట మన సోషల్ పెట్టారు. తినే సోడాతో, నిమ్మరసంతో వంటింట్లో కెమిస్ట్రీ చేయించారు. ఫారాలన్నీ మా కంప్యూటర్లో మళ్లీ తయారుచేసి, నెలనెలా నింపి, ఫైల్లో పెట్టేవారు. వాళ్లమ్మ షాపులో ఉన్నంతసేపూ పిల్ల కోతబల్ల చివర కూర్చుని చదువుకునేది. చురుకైన పిల్ల. జిరాక్స్‌కి వచ్చిన ఇంజినీరింగ్ పుస్తకాలు కూడా తిరగేసి, "అంకుల్, ఇది ఎవరికైనా అర్థమవుతుందా?" అని అడిగేది. కానీ ఆ బల్ల చివర నుంచి రోడ్డు కనిపిస్తుంది. సాయంత్రం కాలేజీలు వదిలాక ఆడపిల్లలు గుంపుగా పోతుంటే పుస్తకం మూసి చూస్తూ ఉండేది. అది నేను చూశాను, జీవమణి గారు కూడా చూశారు.

రెండు వేల అయిదు వేసవికి, ఆఖరిసారి ఫిట్స్ వచ్చి పద్నాలుగు నెలలైంది. డాక్టరు ఇక కాలేజీకి పంపచ్చన్నాడు. ఫేబీ బైపీసీ అంది. నిజం కప్పని, నిజం మైక్రోస్కోపుని చూడాలంది. నాలుగేళ్ల ప్లాన్లో రెండేళ్లే అయినా ఫరవాలేదనుకుని, జీవమణి గారు ఆ రెండేళ్ల మార్కుల షీటు అందంగా తీసి, సంతకం పెట్టారు. నేనే లామినేషన్ చేశాను. ఎస్.ఆర్. నగర్ దగ్గర ఒక జూనియర్ కాలేజీకి ఇద్దరం వెళ్లాం.

అడ్మిషన్ల దగ్గర కూర్చున్న క్లర్కు పేరు రాజనర్సయ్య. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేందమ్మా? టెన్త్ మెమో ఏది?"

"ఇదేనండి. మా పాప ఇంట్లోనే చదివింది. అన్నీ రికార్డులు ఉన్నాయండి."

"అమీర్‌పేటల గిసుంటి కాయితాలు మస్తు జూసిన. ఎవరు జేసిచ్చిండ్రు?"

"నేనే చేశానండి."

వెనక వరసలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. రాజనర్సయ్య నవ్వలేదు. జీవమణి గారి మొహం చూసి లేచి పక్కకి వచ్చాడు.

"జర ఇనమ్మా. బోర్డు మెమో లేకుంటే ప్రిన్సిపాల్ సుత ఏం జెయ్యలేడు. చలికాలంల ప్రైవేట్ కట్టు, మార్చిల రాయనియ్యి. పాసైతే సీటు నేను జూస్త. ఫికర్ జెయ్యకు."

మంచివాడే. కానీ ఆవిడకి రాయనియ్యి అన్న ఒక్క మాటే వినిపించింది.

మర్నాడు షాపు తియ్యగానే వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"సార్, ఒక మెమో చేసి పెట్టండి."

బోర్డు మెమోల జోలికి నేనెప్పుడూ పోలేదు, జైలంటే భయం. ఇంకెవరడిగినా గెంటేసేవాణ్నే. తొమ్మిదేళ్లుగా దేవుడు చూస్తున్నాడని చెప్పిన మనిషి అడిగేసరికి కాదనలేకపోయాను. షట్టరు సగం దించి, ఎవరిదో పాత మెమో స్కాన్ తీసి, ఆవిడ కంప్యూటర్లో పెట్టాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కొట్టారు. మార్కుల దగ్గరకు వచ్చేసరికి సంచీలోంచి ఫైలు తీసి, చూసి చూసి వేస్తున్నారు. ఇంగ్లీషు డెబ్భై నాలుగు. సైన్సు డెబ్భై ఒకటి. లెక్కలు నలభై ఒకటి.

"అదేంటండీ, ఎలాగూ మనమే వేస్తున్నాం, ఓ ఎనభై పడెయ్యండి" అన్నాను.

"దానికి అంతే వస్తాయి సార్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడని ఇక్కడిదాకా తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని.

షట్టరు కిందనుంచి వంగి ఫేబీ లోపలికి వచ్చింది. అమ్మ కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోతే తెచ్చింది. నేను స్క్రీను ఆపేలోగా చదివేసింది.

"ఇది నేనెప్పుడు రాశానమ్మా?"

పిల్ల దగ్గరకి వచ్చి లెక్కల వరస మీద వేలు పెట్టింది.

"దొంగదే కదా అంకుల్, తొంభై వెయ్యచ్చుగా?"

"మీ అమ్మ ఒప్పుకోలేదు తల్లీ."

"నిజంగా నాకు నలభై ఒకటి వస్తాయా అమ్మా?"

"వస్తాయే" అన్నారు జీవమణి గారు, తలెత్తకుండా. "ఆల్జీబ్రా రాదు నీకు. మిగతావి వచ్చు."

"ముప్పై అయిదుకి పాసే కదా. అయితే నాన్న చెప్పినట్టే ప్రైవేటుగా కట్టు. వెళ్లి రాస్తా."

"రెండున్నర గంటలు కూర్చోవాలే. నిద్ర చాలకపోయినా, కంగారుపడినా..."

"పడితే లేచి రాస్తా."

"అంతమందిలోనా?"

"అంతమందిలోనే. ఎన్నాళ్లు ఈ బల్ల దగ్గర కూర్చోబెడతావ్?"

నేను చెయ్యి చాచి కంప్యూటర్ ఆపేశాను. జీవమణి గారు అడ్డు చెప్పలేదు. కుర్చీలోనే ఇటు తిరిగి, కూతురి రెండు చేతులూ మణికట్ల దగ్గర గట్టిగా పట్టుకున్నారు.

"పడితే నేను లోపల ఉండనే ఫేబీ" అన్నారు. "నన్ను గేటు బయటే నిలబెడతారే."