మరక తుప్పుది కాదు

మా తమ్ముడు పైపుల మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా కుళాయిలూ, మురుగు గొట్టాలూ బాగుచేస్తున్నాడు. పనిలో వంక పెట్టలేం. నోరే చెడ్డది. అది మా అమ్మ నుంచి వచ్చింది, నాకూ ఉంది, కాదనను. ఎవరింటికైనా వెళ్ళేసరికి ట్యాంకు ఖాళీ చేసి ఉంచకపోతే గుమ్మంలోనే అందుకుంటాడు. "బురదనీళ్ళలో పగులు ఎక్కడుందో ఎలా కనిపిస్తుందమ్మా? ఖాళీ చేసి, కడిగి, అప్పుడు పిలవండి." అని సంచి భుజాన వేసుకుని వచ్చేస్తాడు. ఒక జడ్జీగారి భార్యను కూడా అలాగే వదిలేసి వచ్చాడు.

నేను లాండ్రీలో నలభై ఏళ్ళు పనిచేశాను. చదివింది మూడో తరగతి. కానీ గుడ్డ మీద మరక చూపిస్తే అదేమిటో, ఎన్నాళ్ళదో చెబుతాను. ఆ విషయంలో నన్ను మించినవాళ్ళు లేరు.

పోయిన నెల మా వంటింటి సింకు కారుతోందని వాణ్ణి పిలిచాను. గంటసేపు గొంతుక్కూర్చుని పనిచేసి లేచాడు. ఖాకీ ప్యాంటు వెనక అరచేయంత మరక.

"ఒరేయ్, ఆ వెనకదేమిటి?"

"తుప్పక్కా. నీ పైపులన్నీ తుప్పేగా."

"నా పైపులు ప్లాస్టిక్‌వి. పోయినేడు నువ్వే మార్చావు."

వాడి మొహం చూడాలి.

"తుప్పయితే చన్నీళ్ళకు కదలదు, నిమ్మకాయ కావాలి. రక్తమయితే కదులుతుంది. ప్యాంటు విప్పు, తేల్చేద్దాం."

"యాభై ఎనిమిదేళ్ళవాణ్ణక్కా!"

"నీకు లాగు తొడగడం నేర్పింది నేనే. విప్పు."

విప్పలేదు కానీ నిజం విప్పాడు. నాలుగు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట. మొలలేనట. రెండేళ్ళ కిందట కూడా ఇలాగే ఉంటే గొట్టం వేసి పేగంతా చూసే కొలనోస్కోపీ చేయించుకున్నాడు. అప్పుడు ఏమీ లేదన్నారు కనుక ఇప్పుడూ ఏమీ ఉండదట. నాకు ఒళ్ళు మండింది. మా నాన్న కూడా పేగు క్యాన్సరును మొలలే అంటూ ఏడాది గడిపాడు. ఆ తరువాత గడపలేదు.

మర్నాడే చెయ్యి పట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళాను. "నువ్వు బయట కూర్చో అక్కా, మగవాళ్ళ సంగతులు" అని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి పోయాడు. పది నిమిషాల్లో పూతమందు గొట్టం ఊపుకుంటూ వచ్చాడు.

"విన్నావా, మూడో తరగతి డాక్టరుగారూ! పాత రిపోర్టు చూశాడు. మొలలేనట. మళ్ళీ పరీక్ష అక్కర్లేదట."

నాకు నమ్మకం కలగలేదు.

తిన్నగా వాడింటికే వెళ్ళాను. మా మరదలు పెరట్లో బట్టలు జాడిస్తోంది.

"అమ్మాయ్, ఉతికేది నువ్వేగా. రంగు ఎలా ఉంటోంది? ఎర్రగానా?"

"ఎర్రగా కాదు వదినా. ముదురుగా, పాత ఇటుక రంగు. విరేచనంలో కలిసిపోయి ఉంటోందని ఆయనే చెప్పారు." చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, డబ్బాల వెనక నుంచి ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది కూడా చూడండి. రెండేళ్ళుగా నా గుండెల మీద ఉంది."

పరీక్షకు ముందు పేగు కడగడానికి తాగే పొడి అది. రెండు పొట్లాలిస్తారు. ఒకటి విప్పనేలేదు.

అప్పుడే వాడు గుమ్మంలోకి వచ్చాడు. పొట్లం చూసి నిలబడిపోయాడు.

"ఆ రోజు ఒక బిల్డింగులో మెయిన్ పైపు పగిలిందక్కా. ఒకటి తాగితేనే ఆరుసార్లు పరుగెత్తాను. రెండోది కూడా తాగితే పనికెలా పోను?"

"నర్సుకేం చెప్పావు?"

"రెండూ తాగానన్నాను."

"ఇవాళ డాక్టరుకు ఏ రంగని చెప్పావు?"

నేల చూశాడు. "ఎరుపని."

"నాన్న సంగతి?"

"అడగలేదు, చెప్పలేదు."

"ఛీ! ఊరందరినీ ట్యాంకు కడగలేదని తిట్టిపోస్తావు. గురివిందకు తన నలుపు తెలియదట! బురదలోకి కెమెరా దింపించుకుని, ఏమీ కనిపించలేదన్న కాగితాన్ని ఏమీ లేదన్న కాగితమని రెండేళ్ళు జేబులో పెట్టుకు తిరిగావా? ఆ పని ఇంకెవరైనా చేస్తే నువ్వు వాళ్ళ గుమ్మం తొక్కుతావురా?"

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. "భయమేసిందక్కా. లేదన్నాక మళ్ళీ ఎందుకు తవ్వుకోవాలని."

జాలి వేసింది. కానీ కోపం ముందు నిలబడి దానికి దారివ్వలేదు.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను బయట కూర్చోలేదు. పొట్లం డాక్టరు బల్ల మీద పెట్టి, రంగు సంగతి, నాన్న సంగతి అన్నీ చెప్పాను. ఆయన కుర్రాడు. రిపోర్టు తీసి రెండో పేజీ తిప్పాడు. పేగు సరిగా శుభ్రపడలేదు, లోపలి కొస కనిపించలేదు, ఏడాదిలోపు మళ్ళీ చూడాలి అని అందులో రాసే ఉంది.

"ఈ పేజీ నేను చూడలేదమ్మా. తప్పు నాదే."

"ఉన్నవే రెండు పేజీలు కదా బాబూ! నేను కూడబలుక్కుని చదివినా పావుగంటలో అయిపోతుంది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మొలలున్న మాట నిజం. కానీ మొలల రక్తం ఎర్రగా పడుతుంది, ఇలా ముదురుగా కలిసిపోయి రాదు. రక్తమంతా వాటిదేనని ఇప్పుడు అనలేను. పరీక్ష మళ్ళీ చెయ్యాల్సిందే" అని అప్పటికప్పుడు రాశాడు.

ఈసారి మందు తాగే రోజు వాడి స్నానాలగది బయట కుర్చీ వేసుకు కూర్చున్నాను. రెండు పొట్లాలూ నా కళ్ళముందే తాగించాను.

లోపలి నుంచి మూలుగు. "అక్కా, ఇంక లోపల ఏముంది చెప్పు?"

"నీ అబద్ధాలున్నాయి. అవీ పోనీ."

మరదలు చాలా రోజుల తరువాత నవ్వింది.

పోయినసారి కనిపించని చోటనే బొటనవేలంత కండపిలక దొరికింది. అక్కడికక్కడే కోసి పరీక్షకు పంపారు. పది రోజుల తరువాత, ఇంకా చెడ్డదిగా మారలేదని కబురొచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు డాక్టరు. మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ అడిగి, నా వంకర అక్షరాలతో రాసి, వాడి పనిముట్ల సంచి మూతకు లోపలివైపు అంటించాను.

దాన్ని చూసి వాడు గొణిగాడు. "అయితే ఆ జడ్జీగారి భార్యకు క్షమాపణ చెప్పమంటావా?"

"అక్కర్లేదు. ట్యాంకు కడగకపోవడం ఆవిడ తప్పే. కడగలేదని ఒప్పుకుంది, అక్కడ నీకంటే నయం."